అబ్బాయి ఫ్లైట్ రోజు: పనులు ముందురోజుకే ముగించండి, వీడ్కోలు ఇంట్లోనే చెప్పండి

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది ఖమ్మం. అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి డల్లాస్ వెళ్తున్నాడు. ఆగస్టు 14 తెల్లవారుజామున 4:10కి శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా ఫ్లైట్. బ్యాంకు పనులు, కొనాల్సినవి, ప్యాకింగ్ ఇంకా మిగిలే ఉన్నాయి. ఆ రోజు ఎలా నడపాలి, ఎయిర్‌పోర్టుకు ఎంతమంది వెళ్లాలి, 80 ఏళ్ల నాయనమ్మ తనూ వస్తానని పట్టుబడుతోంది కదా తీసుకెళ్లాలా వద్దా, వాడి ముందు ఏడవకుండా ఎలా ఉండాలి అని అడిగారు.

మా ఇల్లు వనస్థలిపురంలో. విజయవాడ హైవే మీద వచ్చేవాళ్లకు ఊళ్లో అడుగుపెట్టగానే తగిలే పేట. అందుకని సూర్యాపేట, కోదాడ, ఖమ్మం వైపు మా బంధువుల పిల్లలు ఎవరు విదేశాలకు వెళ్లినా ముందురోజు రాత్రి మా ఇంట్లోనే పడుకుంటారు. 2006 ఆగస్టులో మా పెద్దవాణ్ణి బేగంపేట నుంచి పంపాను. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలయ్యాక 2012లో మా అమ్మాయిని అక్కణ్ణుంచి పంపాను. అక్కచెల్లెళ్ల పిల్లలు, మరుదుల పిల్లలు, పక్కింటి వాళ్ల పిల్లలు అందరూ కలిపి ఇరవై మంది దాటారు. కొన్నిసార్లు చాలా బాగా జరిగింది. కొన్నిసార్లు తప్పులు చేశాం. ఆ తప్పులే మీకు ఎక్కువ పనికొస్తాయి.

ముందు తేదీ సంగతి చూడండి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా పొరబడే చోటు ఇదే. 14వ తేదీ తెల్లవారుజాము 4:10 అంటే మీరు ఇంటి నుంచి కదిలేది 13వ తేదీ రాత్రి. మా బంధువుల్లో ఒకరు "14న ప్రయాణం" అని అందరికీ చెప్పుకుని, 13 సాయంత్రం ఊళ్లో తీరిగ్గా భోజనాలు పెట్టుకున్నారు. రాత్రి 9 దాటాక ఎవరో టికెట్ చూసి కేక వేస్తే పిల్లాడు సగం సర్దిన పెట్టెతో కారెక్కాడు. ఫ్లైట్ అందింది గానీ, వాళ్లమ్మ వాడితో ఒక్క మాట కూడా సరిగా మాట్లాడలేకపోయింది. ఇంట్లో క్యాలెండర్ మీద 13వ తేదీ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టండి. చుట్టాలకు కూడా "13 రాత్రి" అనే చెప్పండి.

ఇక వెనక్కి లెక్కేసుకోండి. ఆగస్టులో రెండు రాష్ట్రాల పిల్లలూ ఒకేసారి కదులుతారు కాబట్టి ఆ అర్ధరాత్రి వేళ క్యూలు పొడుగ్గా ఉంటాయి. మామూలుగా మూడు గంటల ముందు రమ్మంటారు, నేను నాలుగు గంటలు చెప్తాను. అంటే 13 రాత్రి 12 గంటలకల్లా తలుపు దగ్గర ఉండాలి. చెకిన్ కౌంటర్ ఫ్లైట్ టైమ్‌కు గంట, గంటన్నర ముందే మూసేస్తారు, మీ టికెట్ మీద ఎంత రాసి ఉందో చూడండి. మా ఇంటి వైపు నుంచైతే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయడం మేలు. ఊళ్లోంచి ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా కూడా వెళ్లొచ్చు గానీ, ఏదైనా ఊరేగింపో వర్షపు నీళ్లో అడ్డొస్తే అక్కడే ఇరుక్కుంటారు. మెహిదీపట్నం వైపు దిగుతున్నట్లయితే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా నేరుగా ఆరాంఘర్ వెళ్లిపోవచ్చు. ఏ దారైనా గంటన్నర చేతిలో పెట్టుకుని 10:30కి కారు కదలాలి.

ఖమ్మం నుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకు వద్దు. 200 కిలోమీటర్ల పైచిలుకు దారి, నాలుగు గంటలు పైనే. వానాకాలం. ఒక్క టైరు పంక్చరయినా, హైవే మీద లారీ అడ్డం తిరిగినా మీ గుండె ఆగినంత పనవుతుంది. 12వ తేదీ మధ్యాహ్నం భోజనాలు చేసి బయలుదేరి సాయంత్రానికి హైదరాబాద్ చేరండి. బంధువులు లేకపోతే ఒక రాత్రికి, ఇంకో రాత్రికి కలిపి గది తీసుకోండి. ఆ రెండో రాత్రి ఎందుకో తర్వాత చెప్తాను.

ఇప్పుడు పనులు. నేను ఇన్నేళ్లుగా పాటించే నియమం ఒకటే: 12వ తేదీ పొద్దున ఖమ్మంలో ఆఖరి పని అయిపోవాలి. 13వ తేదీకి ఏ దుకాణం పనీ, ఏ ఆఫీసు పనీ మిగలకూడదు. 13 మనుషులది. మా పెద్దవాడు వెళ్లిన రోజు నేను మధ్యాహ్నమంతా కోఠిలో తిరిగాను. రెండు జతల లోదుస్తులు, ఒక అడాప్టర్, కళ్లజోడు డబ్బా. ఇంటికొచ్చేసరికి సాయంత్రం 6. వాడు ఆ రోజంతా ఇంట్లో కూర్చుని నాకోసం చూశాడు. ఆ అడాప్టర్ అమెరికాలో రెండు మూడు డాలర్లు పెడితే దొరుకుతుందని తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం మాత్రం నాకు మళ్లీ దొరకలేదు.

బ్యాంకు పని వారం ముందే చూడండి. రెండో, నాలుగో శనివారాలు సెలవని గుర్తుంచుకోండి. విదేశీ నోట్లు మనిషికి 3,000 డాలర్ల దాకానే తీసుకెళ్లనిస్తారు. మిగతాది ఫారెక్స్ కార్డులో (ముందే డాలర్లు వేసుకుని విదేశాల్లో వాడే కార్డు) వేయించుకోవాలి. కార్డు చేతికి వచ్చిందంటే పని అయిపోయినట్టు కాదు, పిన్ పెట్టి, యాప్‌లో తెరిచి, డబ్బు కనబడుతోందో లేదో చూడాలి. ఎడ్యుకేషన్ లోన్ ఉంటే రెండో విడత విడుదలకు వాడి సంతకం కావాలా, మీ వారిది ఒక్కటే సరిపోతుందా అని మేనేజర్‌ను ఇప్పుడే అడగండి. సంతకం కావాలంటే వాడు ఇక్కడ ఉండగానే పెట్టించుకోండి. ఇల్లో పొలమో వాడి పేరు మీద ఉంటే పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఇప్పుడే. అక్కడికెళ్లాక ఆ పత్రం చేయించడం పెద్ద తిప్పలు. ఇంకో మాట, చదువుకు వెళ్లిన పిల్లల్ని కూడా ఫెమా (విదేశీ మారకద్రవ్య) చట్టం కింద ఎన్నారైగానే లెక్కిస్తారు. వాడి సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వోగా (ఎన్నారైలు ఇక్కడ ఉంచుకునే ఖాతా) మార్చే ఫారం గురించి కూడా అదే రోజు అడిగేయండి.

వాడి ఇండియా నంబరు సంగతి మరిచిపోకండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. చిన్న రీచార్జ్‌తో బతికించి ఉంచాలి, అవతల ఎస్సెమ్మెస్ వచ్చేలా రోమింగ్ పెట్టించాలి. ఇది ఎయిర్‌పోర్టులో గుర్తొస్తే అక్కడ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

డాక్టర్ దగ్గర పనులు రెండున్నాయి. వాడు రోజూ వాడే మందులేమైనా ఉంటే ప్రిస్క్రిప్షన్ మీద మందు అసలు పేరు (కంపెనీ పెట్టిన పేరు కాదు) స్పష్టంగా రాయించండి. యూనివర్సిటీ అడిగే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకు రెండు డోసుల మధ్య నాలుగు వారాలు ఉండాలి. ఇంకా వేయించకపోతే రేపే వెళ్లండి. కళ్లజోడు పెట్టుకునేవాడైతే రెండో జత చేయించండి. పళ్లు కూడా ఒకసారి చూపించండి, అక్కడ పంటి డాక్టర్ ఖర్చు చాలా ఎక్కువ.

చిలుకూరు బాలాజీ గుడి మొక్కు ఉంటే (వీసా వచ్చినవాళ్లలో చాలామందికి ఉంటుంది) ఆ 108 ప్రదక్షిణలు కనీసం వారం ముందు పూర్తిచేయించండి. మా చెల్లెలి కొడుకు ప్రయాణం రోజే వెళ్లాడు. నగరానికి ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. కాళ్లు వాచిపోయి, 24 గంటల ప్రయాణం ఆ కాళ్లతోనే చేశాడు. మొక్కు తీర్చడం నాకూ ముఖ్యమే, తీరిగ్గా తీర్చడం ఇంకా ముఖ్యం.

ఇక పెట్టెలు. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తల్లులం మనం ప్రేమంతా ఇందులోనే కుక్కుతాం.

టికెట్ మీద ఎన్ని పెట్టెలని రాసుందో కళ్లతో చూడండి. అమెరికాకు మామూలుగా 23 కిలోల పెట్టెలు రెండు, చేతి బ్యాగు 7 కిలోలు ఇస్తుంటారు. కొన్ని చవక టికెట్లకు ఒకటే పెట్టె. పక్కింటి అబ్బాయికి రెండిచ్చారని మనకూ ఇస్తారనుకోకూడదు. కొక్కేనికి వేలాడదీసి తూచే చిన్న కాటా ఒకటి కొనండి, కొన్ని వందలకు వస్తుంది. ఇంట్లో 22 కిలోలు వచ్చేలా సర్దండి, 23 కాదు. మన కాటాకూ కౌంటర్ కాటాకూ అరకిలో తేడా వస్తుంది. ఆ అరకిలో కోసం కౌంటర్ ముందు నేల మీద పెట్టె తెరిచి కూర్చున్న పిల్లల్ని ఎందరినో చూశాను. వాడి భుజాన మడతపెట్టిన ఖాళీ గుడ్డసంచి ఒకటి ఉంచండి, ఏదైనా తీయాల్సి వస్తే అందులో వేసుకుంటాడు.

పచ్చళ్లు: ఆవకాయ, గోంగూర, పండుమిర్చి ఏదైనా పెద్ద పెట్టెలోనే పెట్టాలి. నూనె ఉన్న పచ్చడి చేతి బ్యాగులో సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. నెయ్యి కూడా అంతే. పైన తేలిన నూనె తీసేసి ప్యాక్ చేయించండి. పచ్చళ్ల దుకాణాల్లో అమెరికాకు అంటే గాలి తీసి గట్టిగా సీల్ చేసి ఇస్తారు. దాని మీద ఇంకో జిప్ కవరు, దాన్ని పాత తువ్వాల్లో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టండి. గాజు సీసాలు వద్దు. పచ్చడి ఉన్న పెట్టెలో మంచి చొక్కాలు పెట్టకండి. మా అమ్మాయి పెట్టెలో గోంగూర కారి, వాళ్ల నాన్న కొనిచ్చిన కోటు ఎర్రగా అయ్యింది. దాన్ని ఎన్నిసార్లు ఉతికినా మరక పోలేదు.

కోడి పచ్చడి, మటన్ పచ్చడి పంపకండి. అమెరికాలోకి మన మాంసం పదార్థాలు తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా నిషేధం, దాని మీద ఉండే పురుగు వాళ్ల నిమ్మ, నారింజ తోటలకు తెగులు తెస్తుందని. పళ్లు, విత్తనాలు కూడా వద్దు. "తినే పదార్థాలున్నాయా" అని అక్కడ అడిగితే ఉన్నాయని చెప్పమనండి. పొడులు, పిండివంటలు, వెజ్ పచ్చళ్లు ఉన్నాయని చెప్తే చూసి పంపిస్తారు. లేవని చెప్పి దొరికితే జరిమానా వేస్తారు.

ఎండుకొబ్బరి కుడకలు ఏ పెట్టెలోనూ పెట్టకండి. దాంట్లోని నూనె వల్ల నిప్పంటుకునే గుణం ఉందని చెకిన్ సామానులో ఒప్పుకోరు. మా వదిన పప్పులపొడికని రెండు కుడకలు పెడితే ఎక్స్‌రేలో దొరికి, పిల్లాణ్ణి పిలిపించి పెట్టె తెరిపించారు. కొబ్బరి కలిపిన కారప్పొడి ఇంట్లోనే కొట్టి ఇవ్వండి. పవర్ బ్యాంకు దీనికి తలకిందులు, చేతి బ్యాగులోనే ఉండాలి, పెద్ద పెట్టెలో ఉండకూడదు. మీ బంధువుల్లో ఎవరైనా దుబాయ్‌లోనో దోహాలోనో ఉండి, "వాడు మారే చోట మాకు ఒక ప్యాకెట్ ఇవ్వమనండి" అని అడిగినా గసగసాలు మాత్రం ఇవ్వకండి. గల్ఫ్ దేశాల్లో అవి మత్తుపదార్థం కింద లెక్క, జైలు దాకా వెళ్తుంది.

పాస్‌పోర్టు, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 ఫారం, అమెరికా ప్రభుత్వానికి కట్టిన సెవిస్ ఫీజు రసీదు, అడ్మిషన్ లెటర్, ఒరిజినల్ సర్టిఫికెట్లు, మందులు, డబ్బు, ఒక జత బట్టలు, సన్న తువ్వాలు. ఇవన్నీ చేతి బ్యాగులోనే. పెద్ద పెట్టెలు రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా వాడు ఇబ్బంది పడకూడదు. పెట్టె లోపల ఒక కాగితం మీద వాడి పేరు, డల్లాస్‌లో దిగే ఇంటి చిరునామా, ఫోన్ రాసి పెట్టండి. బయట కట్టిన ట్యాగు ఊడిపోయినా లోపలి కాగితం పోదు. తాళం టీఎస్ఏ (అమెరికా ఎయిర్‌పోర్టుల తనిఖీ సంస్థ) గుర్తు ఉన్నదే కొనండి. తనిఖీ చేసేవాళ్లు దాన్ని తమ దగ్గరున్న తాళంచెవితో తెరుస్తారు. మామూలు తాళమైతే పగలగొట్టే హక్కు వాళ్లకుంది.

12 రాత్రికల్లా పెట్టెలు మూసి తాళం వేయండి. ఇక తెరవొద్దు. ఇక్కడ మా అత్తగారి పద్ధతి ఒకటి చెప్పాలి. రాత్రి ప్రయాణానికి మంచి గడియ కుదరకపోతే ఆవిడ ప్రస్థానం పెట్టించేవారు. అంటే పగలు వర్జ్యం, రాహుకాలం లేని వేళ చూసి, ప్రయాణం చేసేవాడి సామానులో ఒకటి తీసుకెళ్లి పక్కింట్లో పెట్టేవారు, వెళ్లేటప్పుడు అక్కణ్ణుంచి తీసుకుని బయలుదేరాలి. మంచి వేళకే ప్రయాణం మొదలైనట్టు లెక్క. ఫ్లైట్ టైమ్ మనం మార్చలేం కదా, నాయనమ్మ మనసులో పంచాంగం గురించి బెంగ ఉంటే ఇలా చేయించండి. ఆవిడకూ నెమ్మది. నాకు దీంట్లో ఇంకో లాభం కూడా కనబడింది, పక్కింటికి చేరిన పెట్టెలో "ఇంకొక్క డబ్బా" పెట్టడం కుదరదు.

ఇప్పుడు మీరు అసలు అడిగినదానికి వస్తాను.

నాయనమ్మను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లకండి. కానీ ఆ మాట మీరు చెప్పకండి, మనవడి చేత చెప్పించండి, అదీ ఊరికే "వద్దు" అని కాదు.

2006లో మా అత్తగారు బేగంపేటకు వచ్చారు. అప్పుడు ఆవిడకు 77. మేం మూడు కార్లలో పద్దెనిమిది మందిమి వెళ్లాం. బయట జనం, ట్రాలీలు, హారన్లు. అందరూ వాడి చుట్టూ చేరి, వాడి చేతిలో ఎవరో స్వీటు పెడుతుంటే, ఎవరో ఫొటో అంటుంటే, సెక్యూరిటీ జవాను పక్కకు జరగమంటుంటే, మా అత్తగారు వెనక ఎక్కడో కర్ర పట్టుకుని నిలబడిపోయారు. వాడు లోపలికి వెళ్లిపోయాక, "నా కాళ్లకు దణ్ణం పెట్టలేదురా వాడు" అన్నారు. కోపంగా కాదు, చిన్నపిల్లలా అన్నారు. వాడు మర్చిపోలేదు, ఆ గుంపులో ఆవిడ కనబడలేదు. రెండేళ్లకు ఆవిడ పోయారు. వాడికి పరీక్షలు, రాలేకపోయాడు. ఇప్పటికీ ఆగస్టు వస్తే వాడు ఆ మాటే ఎత్తుతాడు. మా ఇంటికొచ్చే ప్రతి తల్లికీ ఇది చెప్పాను, మీకూ అందుకే చెప్తున్నాను.

ఎయిర్‌పోర్టు వీడ్కోలు చెప్పుకునే చోటు కాదు, చెల్లెమ్మా. అది దింపే చోటు. పై అంతస్తులో డిపార్చర్ ముందు కారు ఆపితే సామాను దించేదాకే ఆగనిస్తారు, వెనక బండి ఉంటుంది. పార్కింగ్‌లో పెట్టి నడిచి వచ్చినా తలుపు దాకానే. టికెట్, పాస్‌పోర్టు ఉన్నవాడే లోపలికి వెళ్తాడు. అక్కడ మీకు దొరికేది పది నిమిషాలు, అందులో తొమ్మిది "పాస్‌పోర్టు ఉందా, ఐ-20 ఉందా" లోనే పోతాయి. అందుకే అసలు వీడ్కోలు ఇంట్లో జరగాలి.

నాయనమ్మకు ఖమ్మంలోనే 12వ తేదీ పొద్దున ఒక అరగంట విడిగా ఇవ్వండి. గదిలో వాళ్లిద్దరే. తలుపు దగ్గరగా వేయండి. మీరు కూడా వెళ్లకండి. ఆవిడ ఏం మాట్లాడుతుందో, చీర కొంగున ముడేసిన నోటు ఏం ఇస్తుందో అది వాళ్లిద్దరికే. తర్వాత ఆవిడ చేత్తో పెరుగన్నం తినిపించమనండి. వాడు కాళ్లకు దణ్ణం పెట్టి "వెళ్ళొస్తా నాయనమ్మా" అనాలి. మన వైపు "వెళ్తున్నా" అనరు కదా, ఎంత తొందరలో ఉన్నా ఆ మాట మాత్రం "వెళ్ళొస్తా" అనే అనిపించండి. ఆవిడ గడప దగ్గర నిలబడి పంపిస్తుంది. ఆ అరగంట దొరికితే ఎయిర్‌పోర్టుకు వస్తానని పట్టుబట్టదు. మా దగ్గర ఆగిన వాళ్లలో ఇలా చేసిన ఏ ఇంట్లోనూ పెద్దవాళ్లు చిన్నబుచ్చుకోలేదు.

వెళ్లేలోగా ఆవిడకు వీడియో కాల్ ఎత్తడం నేర్పించండి. మీరు కాదు, వాడే నేర్పించాలి. ఆకుపచ్చ గుర్తు ఎటు జరపాలో, ఫోన్ ఎంత దూరం పట్టుకుంటే మొహం కనబడుతుందో పక్క గదిలోంచి పదిసార్లు చేసి చూపించమనండి. నా దృష్టిలో ఇది ఫారెక్స్ కార్డుకంటే ముందు పూర్తి కావాల్సిన పని.

ఇక బాబాయిలు, మేనత్తలు, వాడి స్నేహితులు. వీళ్లందరినీ 12 మధ్యాహ్నం ఖమ్మంలో భోజనానికి పిలవండి. ఫొటోలన్నీ అప్పుడే, పగటి వెలుతురులో తీసుకోండి. "ఎయిర్‌పోర్టులో లోపలికి పోనివ్వరంట, మీరంతా ఇక్కడే దీవించండి" అని ముందే చెప్తే ఎవరూ నొచ్చుకోరు. హైదరాబాద్‌కు ఒక్క కారు చాలు. మీరు, మీ వారు, అబ్బాయి, చెల్లి ఉంటే చెల్లి, డ్రైవర్. చిన్న కారు డిక్కీలో రెండు పెద్ద పెట్టెలు పట్టవు, ముందే పెట్టి చూడండి.

13వ తేదీ పగలు హైదరాబాద్‌లో వాణ్ణి మధ్యాహ్నం కాసేపు పడుకోనివ్వండి. రాత్రంతా మేలుకోవాలి. సాయంత్రం వాడికిష్టమైనది వండండి, గదిలో ఉంటే తెప్పించండి, కానీ మసాలాలు బాగా తగ్గించండి. రాత్రి 9కల్లా భోజనాలు అయిపోవాలి.

ఏడుపు గురించి. ఏడవకండి అని నేను చెప్పను. నేను ఎప్పుడూ ఆపుకోలేకపోయాను, ఆపుకున్నవాళ్లను చూస్తే ఇంకా భయమేసింది. మా తోటికోడలు కొడుకు వెళ్లేదాకా నవ్వుతూనే ఉంది, ఇంటికొచ్చాక బీపీ పెరిగి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాం. నేను చెప్పేది ఒక్కటే, ఆ ఏడుపు కారెక్కే ముందు ఇంట్లో ఏడవండి. 10 గంటలకు, చెప్పులు వేసుకునే ముందు, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పాలనుకున్నవన్నీ చెప్పండి. జాగ్రత్తలు కాదు, అవి ఫోన్‌లో రోజూ చెప్తారు. వాడు పుట్టినప్పటి సంగతో, వాడి మీద మీకున్న నమ్మకమో చెప్పండి. వాడు ఏడిస్తే ఏడవనివ్వండి. మగపిల్లాడివి అని ఆపకండి. మీ వారికి కూడా ఒక ఐదు నిమిషాలు వదలండి. మన ఇళ్లల్లో తండ్రులు ఆ ఐదు నిమిషాలు అడగరు, పెట్టెలు మోసుకుంటూ గడిపేస్తారు. 2012లో మా వారు అమ్మాయి పెట్టె తాళం నాలుగుసార్లు లాగి చూశారు. వాళ్లిద్దర్నీ ఒంటరిగా వదలాలని నాకు అప్పుడు తోచలేదు.

ఇలా ఇంట్లో అయిపోతే, ఎయిర్‌పోర్టు తలుపు దగ్గర మీ చెయ్యి తేలికగా వదులుతుంది. వాడికి కూడా కౌంటర్‌లో అడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పే నిబ్బరం ఉంటుంది.

వాడు లోపలికి వెళ్లాక వెంటనే కదలకండి. మూడు ఫోన్లు చేయమని చెప్పండి. కౌంటర్‌లో వాళ్లు పెట్టెలు తీసుకున్నాక ఒకటి, ఇమిగ్రేషన్ దాటాక ఒకటి, గేటు దగ్గర కూర్చున్నాక ఒకటి. మొదటి ఫోన్ వచ్చేదాకా తలుపు దగ్గరే ఉండాలి, బరువు ఎక్కువైతే తీసిన వస్తువులు అక్కడి సెక్యూరిటీ వాళ్లను అడిగి మీకు అందించే వీలుంటుంది. మా మరిది కొడుకు అలాగే మినప సున్నుండల డబ్బా వెనక్కిచ్చాడు. ఇమిగ్రేషన్ దాటానని చెప్పాక మీ పని అయిపోయింది. ఫ్లైట్ ఎగిరేదాకా పార్కింగ్‌లో కూర్చోవాల్సిన అవసరం లేదు.

అక్కణ్ణుంచి నేరుగా ఖమ్మం బయలుదేరకండి. రెండో రాత్రికి కూడా గది ఉంచుకోమన్నది ఇందుకే. ఒకసారి మా దూరపు చుట్టాలు అబ్బాయిని దింపి తెల్లవారుజామున 3కి ఊరికి బయలుదేరారు. చౌటుప్పల్ దగ్గర డ్రైవింగ్ చేస్తున్న వాళ్ల మేనమామకు కన్ను మూతపడి కారు డివైడర్ ఎక్కింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ సమయంలో పిల్లాడు ఆకాశంలో ఉన్నాడు, వాడికి చెప్పే దారి కూడా లేదు. వెళ్లి పడుకోండి. నిద్ర పట్టకపోయినా పడుకోండి. 14న భోజనం చేశాక పగటి పూట బయలుదేరండి.

గల్ఫ్‌లో దిగి మెసేజ్ పెడతాడు. అక్కణ్ణుంచి డల్లాస్‌కు దాదాపు 16 గంటలు ఫోన్ కలవదు, కంగారుపడకండి. ఆగస్టులో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, నవంబరులో వాళ్ల గడియారాలు మార్చాక పదకొండున్నర. వాడికి పొద్దున 8 అయితే మీకు సాయంత్రం 6:30. ఫోన్లకు ఆ వేళ బాగుంటుంది, ఇప్పుడే ఇద్దరూ అనుకుని పెట్టుకోండి. రోజుకు ఐదుసార్లు చేయకండి. మొదటి వారం వాడికి ఇల్లు, బియ్యం, బస్సు, క్లాసులు అన్నీ కొత్తే.

ఇంకొక్క మాట వాడికి చెప్పి పంపండి. డల్లాస్‌లో దిగి ఇమిగ్రేషన్ అయ్యాక మొదటి వీడియో కాల్ మీకు కాదు, నాయనమ్మకు చేయమనండి. అప్పటికి మనకు తెల్లవారుజామున మూడో నాలుగో అవుతుంది. ఫరవాలేదు, ఆవిడ మేలుకునే ఉంటుంది.